పినాకిని ఒడ్డున పార్సీ రుస్తుంజీ



పినాకిని, అంటే పెన్న, ఒడ్డున పల్లిపాడులో ఉన్న పినాకిని సత్యాగ్రహాశ్రమం కథ ఈ నెల్లూరు జిల్లాలో చాలామందికి తెలుసు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య గార్లు పూనుకున్నారు. పొణకా కనకమ్మ గారు భూమి ఇచ్చారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. ఇంతవరకూ వివరంగా చెప్పుకుంటాం. భవనానికి పదివేల రూపాయలు ఇచ్చిన దక్షిణాఫ్రికా వర్తకుడు పార్సీ రుస్తుంజీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. అది నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. ఈ పూట ఆ ఒక్క వాక్యాన్నే విప్పి చెబుతాను.

ఆయన అసలు పేరు రుస్తుంజీ జీవన్‌జీ ఘోర్‌ఖోడు. బొంబాయి నుంచి వెళ్లి డర్బన్‌లో స్థిరపడిన పార్సీ. బొంబాయి నుంచి, కలకత్తా నుంచి సరుకు దిగుమతి చేసుకునే పెద్ద వ్యాపారి. 1897 జనవరి 13న గాంధీగారు ఓడ దిగి వస్తుంటే తెల్లవాళ్ల గుంపు వీధిలో చుట్టుముట్టి రాళ్లతో, గుడ్లతో కొట్టింది. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ భార్య గొడుగు అడ్డం పెట్టి కాపాడింది. గాంధీగారు తలదాచుకున్నది రుస్తుంజీ ఇంట్లోనే. కస్తూర్బా, పిల్లలు అప్పటికే అక్కడికి చేరుకున్నారు. చీకటి పడేసరికి గుంపు వచ్చి, గాంధీని అప్పగించకపోతే ఇల్లు తగలబెడతామంది. చివరికి గాంధీగారు కానిస్టేబుల్ వేషం వేసుకుని, తల మీద పళ్లెం పెట్టి దానిపై మద్రాసు తలగుడ్డ చుట్టుకుని పక్కదారిన బయటపడ్డారు. ఒక వర్తకుడికి ఇల్లు, గిడ్డంగి, సరుకు, పరపతి అన్నీ ఒకచోటే ఉంటాయి. ఆ రాత్రి రుస్తుంజీ వాటినన్నిటినీ ఒడ్డాడు.

రుస్తుంజీ నిష్కళంకుడని చెప్పడానికి రాలేదు. సుంకం ఎగ్గొట్టి సరుకు దించేవాడు. పట్టుబడ్డాక ఏడుస్తూ గాంధీగారి దగ్గరికి వచ్చాడు. దాచకుండా ఒప్పుకోమన్నారాయన. ఒప్పుకున్న మొత్తానికి రెట్టింపు కట్టి కేసు నుంచి బయటపడ్డాడు. ఆ తర్వాత చేసిన పని గొప్పది. జరిగినదంతా రాయించి, పటం కట్టించి, తన ఆఫీసు గోడకే తగిలించాడు. తన వారసులూ తోటి వర్తకులూ ఎప్పుడూ చూస్తూ ఉండాలని. ఈ సంగతి గాంధీగారి ఆత్మకథలో ఉంది.

ఇక అసలు విషయం, రుస్తుంజీ జైలుకు వెళ్లిన సంగతి. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ ఉన్న నెటాల్‌కు ఒప్పంద కూలీలను తీసుకెళ్లింది. 1911 దాకా లక్షన్నర మంది పైగా అలా వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లే, తమిళులూ మన తెలుగువాళ్లూ. చెరకు తోటల్లో గడువు ముగిశాక కూడా అక్కడే ఉండదలచిన వాళ్ల మీద ఏటా మనిషికి మూడు పౌన్ల పన్ను వేశారు. పదహారేళ్లు దాటిన కొడుక్కీ, పదమూడేళ్లు దాటిన కూతురికీ కూడా. నెలకు పద్నాలుగు షిల్లింగులు కూడా మించని సంపాదనతో నలుగురున్న ఇల్లు ఏడాదికి పన్నెండు పౌన్లు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆ పన్ను రుస్తుంజీకి లేదు. ఆయన కూలీగా వెళ్లినవాడు కాడు, ఓడల్లో సరుకు తెప్పించుకునే సంపన్నుడు. అయినా 1913 సెప్టెంబరులో సత్యాగ్రహంగా, గాంధీగారి ఫీనిక్స్ ఆశ్రమం నుంచి బయలుదేరి అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన పదహారుమందిలో ఆయన ఉన్నాడు. కస్తూర్బా ఉన్నారు. అందరికీ మూడు నెలల కఠిన శిక్ష పడింది. వయసు యాభై దాటిన వర్తకుడు జైల్లో కూలిపని చేశాడు. ఆ పోరాటంతోనే 1914లో పన్ను రద్దయింది. పార్సీ వర్తకుడు, పరాయి భాష కూలీల కోసం, తనమీద లేని పన్ను కోసం. ఇంతకంటే పెద్ద దానం నాకు తెలియదు.

ఏడేళ్ల తర్వాత పెన్న ఒడ్డుకు వచ్చిన పదివేలు ఆ మనిషివి. మన కూలీల ఇళ్ల మీది భారం దించడానికి జైలుకు వెళ్లినవాడి సొమ్ముతో మన గడ్డ మీద గోడలు లేచాయి. అక్కడ రాట్నం తిరిగింది, ఖద్దరు నేశారు, అంటరానితనం పోవాలన్నారు. రుస్తుంజీ 1924లో డర్బన్‌లో కన్నుమూశాడు.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. మైపాడు సముద్రం చూపించడానికి పిల్లలను తీసుకొచ్చినప్పుడు దారిలో పల్లిపాడులో ఒక గంట ఆగండి. గాంధీగారి పేరుతో పాటు, హనుమంతరావు గారి పేరుతో పాటు, కనకమ్మ గారి పేరుతో పాటు రుస్తుంజీ పేరు కూడా చెప్పండి. జైలు సంగతి తప్పకుండా చెప్పండి.