గుండె చెంత గుమాస్తా

మేము రెండు పర్యాయములు మూర్ఛిల్లితిమి. 24 గంటల హోల్టరు పరీక్షలో ఏమియు చిక్కలేదు. మూర్ఛ పంచాంగము చూచి రాదు గదా! అందుచే వైద్యులు ఎడమ రొమ్ముపై చర్మము క్రింద లూప్ రికార్డరు నమర్చిరి. బరువు సుమారు 2.5 గ్రాములు. అది గుండెను నడపదు, సరిదిద్దదు. లయను వ్రాసికొనును, అంతే. పాతది చెరిపి క్రొత్తది వ్రాయుచు, లయ తప్పిన ఘట్టమును మాత్రము దాచిపెట్టును. బ్యాటరీ సుమారు 3 ఏండ్లు వచ్చును.

1897 ఆగస్టు 20న మా బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఎన్ని దోమలను కోసి చూచిన పిదప! మేమును దొంగకై కాచుకొని యున్నాము. మూర్ఛ రాకున్న సంతోషమే. కాని రాకున్న కారణము తెలియదు. ఈలోగా ఇల్లాలు మమ్ము స్నానాలగది గడియ వేయనీయకున్నది.