చేపల తొట్టికి చుక్కల మందు

రంగుచేపల గాజుతొట్టి ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము వంటి ఊళ్లలో గూడ ముందుగది బల్లపై ఒక తొట్టియు, అందు నాలుగైదు గప్పీలో, ఒక జత బంగారుచేపలో కనబడుచున్నవి. తొట్టి కొన్నవానికి దుకాణదారుడు ఒక చిన్న సీసా గూడ ఇచ్చును. అది నీటిని బాగుచేయు చుక్కల మందు. సీసాకు అంటించిన చీటీపై సాధారణముగా మూడు వాగ్దానము లుండును: క్లోరినును హరించును, అమోనియా విషము నణచును, మసకనీటిని తేర్చును. ఈ మూటిలో మన నీటికి ఏది అవసరము, సీసా దానిని నెరవేర్చినదో లేదో ఇంటియందే ఎట్లు తెలిసికొనవచ్చును అను విషయములను నేడు మనవి చేసెదను.

మనలో పలువురు చేయు పరీక్ష ఇట్టిది: మందు వేసితిమి, చేపలు బ్రతికియున్నవి, కాబట్టి మందు మంచిది. మందు వేయకున్నచో అవి చచ్చియుండెడివా అను ప్రశ్నకు ఇందు సమాధానము లేదు. ఈ విషయమున మన రైతు మనకంటె తెలివైనవాడు. క్రొత్త ఎరువు వచ్చినపుడు అతడు దానిని చేనంతట చల్లడు. ఒక మడిని విడిచిపెట్టి, ప్రక్కమడితో పోల్చి చూచును. తొట్టి విషయమున గూడ అట్టి విడిచిన మడి యొకటి కావలెను. అది లేనిదే పరీక్ష లేదు.

మొదట నీటి సంగతి చూతము. ఈ పశ్చిమ ప్రకాశ ప్రాంతమున ఒకే ఇల్లు ఏడాదిలో మూడు నాలుగు విధముల నీరు వాడుకొనుట కద్దు. బోరునీరు కొన్నాళ్లు, కుళాయినీరు కొన్నాళ్లు, ఎండలు ముదిరిన పిమ్మట ట్యాంకరునీరు. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభము చెరువు నిండినపుడు అందలి వాననీటి గుణము వేరు; రాతిపొరల నడుమ ఏండ్ల తరబడి నిలిచి, బోరుద్వారా పైకి వచ్చు నీటి గుణము వేరు. బోరునీటియందు లవణములు హెచ్చు. అది తరచు గట్టినీరుగను, క్షారగుణము కలదిగను ఉండును. కాని బ్లీచింగు పొడి కలుపనంతవరకు అందు క్లోరిను ఉండదు. అట్టి నీరు పోసిన తొట్టిలో క్లోరినును హరించు మందు వేయుట, దొంగ లేని ఇంటికి కావలివానిని పెట్టుటయే యగును. మరునాడు దొంగతనము జరుగలేదని ఆ కావలివాడు జీతమడిగిన నేమందుము?

కుళాయినీటి సంగతి అట్లు కాదు. రోగక్రిములు చచ్చుటకై ఆ నీటిలో బ్లీచింగు పొడినో క్లోరిను వాయువునో కలుపుదురు. ఇంటి కుళాయికడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారత ప్రమాణము. మనకు రక్షయైన ఆ కొద్దిపాటి క్లోరినే చేప మొప్పలను కాల్చును. ఇచ్చట మందునకు పని కలదు. ఇట్టి సీసాలు పెక్కింటిలో ఉండునది సోడియం థయోసల్ఫేటు. పూర్వము ఫోటో స్టూడియోలలో బొమ్మ నిలుచుటకై వాడిన హైపో యనునది ఇదియే. క్లోరిను ఒక పాలుండిన, దానిని నిశ్చయముగా పోగొట్టుటకు ఈ హైపో స్ఫటికము ఏడు పాళ్లు చాలునని లెక్క. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను గల నీరు ఇరువది లీటర్లకు 28 మిల్లీగ్రాముల హైపో చాలును. చిటికెలో పదియవ వంతైనను కాదు! సీసా వెలను ఈ లెక్కతో పోల్చుకొను పని శ్రోతలకే విడిచెదను.

ఇక పరీక్ష. దీనికి చేపలు అక్కరలేదు. ప్రాణిని పణముగా పెట్టి తెలిసికొనవలసినది ఇందేమియు లేదు. ఒకే కొలతగల ప్లాస్టిక్ బకెట్లు మూడు తీసికొని, ఒకే కుళాయినుండి ఒకే వేళ నింపవలెను. మొదటిదానిలో చీటీపై చెప్పిన మోతాదు మందు వేయవలెను. రెండవదానిలో ఏమియు వేయరాదు. మూడవదానిలో మందు లేక, గాలి బుడగల మోటారు మాత్రము పెట్టవలెను. మూడింటిని ఒకే కర్రతో కలుపక, వేరువేరు కర్రలతో సమముగా కలుపవలెను. పిమ్మట పంచాయతీలలో నీటి క్లోరిను చూచుటకు వాడు క్లోరోస్కోపు పెట్టెతోగాని, రంగు మారు కాగితపు పట్టీతోగాని పావుగంటకొకమారు, సాయంకాలము ఒకమారు, మరునాడుదయము ఒకమారు చూడవలెను. పెట్టెలోని రసాయనపు చుక్కలు చేతికి తగులనీయరాదు. చూచిన నీటిని మరల బకెట్టులో పోయరాదు.

ఇచ్చట ఒక జాగ్రత్త కలదు. రంగు లేతదా, ముదురుదా అని నిర్ణయించువాడు ఏ బకెట్టులో మందు కలదో ఎరుగనివాడై యుండవలెను. డబ్బు పెట్టి సీసా కొన్న యజమానికి ఆ సీసా గెలువవలెనను కోరిక లోపల నుండును. కన్ను ఆ కోరికకు లోబడును. బకెట్ల అడుగున గుర్తులు వ్రాసి, స్థానములు మార్చి, పొరుగింటి కుఱ్ఱవానిని పిలిచి రంగు చెప్పుమనుట మేలు. ఇట్లు వేరువేరు దినములలో మూడుమార్లైన చేయవలెను. ఏలయన కుళాయిలో క్లోరిను ఒకనాడున్నట్లు మరియొకనాడుండదు.

మంచి మందైనచో మొదటి బకెట్టులో క్లోరిను కొద్ది నిమిషములలోనే కనబడకుండపోవును. మూడవదానిలో గాలి తగిలి క్రమముగా తగ్గును. రెండవదానిలో మరికొంత ఆలస్యముగా తగ్గును. అనగా నీటిని ముందుగా పట్టి నిలువయుంచుకొను ఓపిక యున్న ఇంటికి ఈ మందు మిగిల్చునది కాలమే. అదియు చిన్న లాభము కాదు. రేపు చేయవలసిన నీటిమార్పు నేడే చేయవలసి వచ్చినపుడు సీసా అక్కరకు వచ్చును.

రెండవ వాగ్దానమైన అమోనియా సంగతి ఇంత సులువు కాదు. చేప మొప్పలనుండియు, తినగా మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. తొట్టి గులకలపైనను, వడపోత స్పంజిపైనను పెరుగు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, తరువాత నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవుల సంసారము కుదురుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. క్రొత్త తొట్టిలో చేపలు చచ్చుట పెక్కుమార్లు ఈ నడిమి కాలముననే.

నీటిలోని అమోనియా అంతయు ఒకే తీరున విషము కాదు. క్షారగుణము, వేడి హెచ్చినకొలది దానిలో విషపు పాలు హెచ్చును. నీటి వేడి 30 డిగ్రీలున్నపుడు, పి.హెచ్. 7 అయినచో మొత్తములో విషపు పాలు నూటికి ఒకటి కంటె తక్కువ. అదే వేడిలో పి.హెచ్. 8 అయినచో నూటికి ఏడెనిమిది. చల్లని దేశమున మెత్తని నీటిలో పరీక్షించి వ్రాసిన మోతాదు, మే నెలలో మార్కాపురపు బోరునీటికి సరిపోవునని నమ్మరాదనుటకు ఇదియే కారణము. వేడినీటిలో ప్రాణవాయువు గూడ తక్కువ కరగును. 20 డిగ్రీలకడ లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టు నీరు 30 డిగ్రీలకడ ఏడున్నర మాత్రమే పట్టును. కాబట్టి చేప పైకి వచ్చి నోరు తెరచుచున్నపుడు సీసాకై పరుగెత్తుటకంటె గాలి మోటారు తిప్పి, మేత మాని, మూడవవంతు నీరు మార్చుట మొదటి పని.

అమోనియాకు రంగు పరీక్ష చేయువారికి ఒక చిక్కు కలదు. కొన్ని మందులు అమోనియాను పోగొట్టవు, కొంతకాలము కట్టివేయును. సాలిసిలేటు పద్ధతి పరీక్షలో ఆ కట్టివేసిన అమోనియా గూడ రంగు చూపును. నెస్లరు ద్రావణపు పరీక్షలో ఇట్టి మందులవలన లెక్క తప్పును. అందుచేత పరీక్షపెట్టె ఏ పద్ధతిదో చూడక, మందు పనిచేసినదనిగాని చేయలేదనిగాని తీర్పు చెప్పరాదు.

మూడవ వాగ్దానము, నీటిని తేర్చుట. ఇది మనకు క్రొత్త విద్య కాదు. బురదనీటి కుండలోపల చిల్లగింజను అరగదీసి తేటనీరు చేసికొనుట మన పెద్దలెరిగినదే; సుశ్రుత సంహితలోను ఈ గింజ ప్రసక్తి కలదు. పటిక చేయునదియు అట్టి పనియే. సన్నని మట్టిరేణువులు ఒకదానినొకటి అంటుకొని, బరువెక్కి అడుగునకు దిగును. సీసా మందులలో పెక్కు ఈ మార్గమునే పోవును. ఒక గాజు గ్లాసులో మందు వేసిన నీరు, మరియొకదానిలో వేయని నీరు పోసి, వెనుక వార్తాపత్రిక నిలిపి అక్షరములు చదివిన తేడా తెలియును. కాని తేటదనము వేరు, శుద్ధి వేరు. అమోనియా, క్లోరిను రెండును కంటికి కనబడనివే.

తొట్టిలో అందమునకు పెట్టు రాళ్లను గూడ పరీక్షింపవలెను. మార్కాపురము పలకలకు పేరుపొందిన ఊరు గదా! పలకరాతి ముక్కలతో చేపలకు గుహలు కట్టువారున్నారు. అంచులు అరగదీసి, రాతిపై రెండు చుక్కల వెనిగరు వేసి చూడవలెను. బుడగలు వచ్చినచో అందు సున్నము కలదు. అది నీటిని మరింత గట్టిచేయును. రాకున్నచో వాడుకొనవచ్చును. గట్టినీరే మనకు ప్రాప్తమైనపుడు నీటిని మార్చు మందులకంటె ఆ నీటిని ఓర్చు చేపలను, గప్పీలను, మాలీలను, ఎంచుకొనుట తేలిక.

ఇంతవరకు చేపల మాట. ఈ సీసాల ప్రసంగము వచ్చినపుడు ఒక ముసలి అవ్వ నాతో ననిన మాట యొకటి కలదు: "చేపలు బ్రదుకుతుండాయి గద నాయనా, ఆ నీళ్లు మనమూ తాగొచ్చులే." ఆమె మాటలో పూర్వపు అనుభవము కలదు. బావిలో చేపలున్న నీరు మంచిదని మనవారి నమ్మకము. కాని ఈ ప్రాంతమున ఆ నమ్మకము ప్రమాదకరము. 1937లో వైద్యులు మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని మొట్టమొదట గుర్తించి లోకమునకు వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో క్రొత్త జిల్లా ఏర్పడునంతవరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. పొదిలి, కనిగిరి, దర్శి నెల్లూరు జిల్లాలోనివి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మంచిదనియు, వేరు గతి లేనిచోట 1.5 దాటరాదనియు ప్రమాణము. దాటినచో పిల్లల పండ్లపై గారలు పడును; ఏండ్లు గడచినకొలది కీళ్లు బిగిసి, నడుము వంగును. ఆ నీటిలో గప్పీ హాయిగా ఈదవచ్చును. దాని ఆయువు రెండు మూడేండ్లు. మన ఎముక ఇరువది ఏండ్లు ఆ నీటినే పీల్చును.

చేపల మందు సీసాలోని హైపోకు ఫ్లోరైడుపై ఏ ప్రభావమును లేదు. చిల్లగింజకును లేదు. కాచినచో నీరు ఆవిరియై ఫ్లోరైడు పాలు మరికొంత చిక్కబడును. పటిక, సున్నము, బ్లీచింగు పొడి తగు పాళ్లలో కలిపి, కలియబెట్టి, తేర్చు విధానమును నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని తెలుగు జిల్లా పేరే నిలిచినది. అందును పటిక మోతాదు నీటి పరీక్ష ననుసరించి నిర్ణయింపవలసినదే గాని అందాజుగా వేయునది కాదు.

కాబట్టి తొట్టికి మూడు బకెట్ల పరీక్ష చేయు ఇల్లు, త్రాగు బోరునీటిని గూడ గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపవలెను. బోరును కొంతసేపు తోడి, నిలువనీరు పోయిన పిమ్మట, అదే నీటితో సీసాను రెండు మూడుమార్లు కడిగి నింపవలెను. ఫ్లోరైడు గాజును పట్టుకొను గుణము గలది గనుక నమూనాకు గాజుసీసా పనికిరాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావలెను. దానిపై ఊరు, బోరు, తేదీ వ్రాసి పంపవలెను.