ద్వారముకడ నిలుచువానికి విద్య

  

ఈ వార్షిక మహాసభయందు విద్యార్థి వేతనములనుగూర్చియు, వసతిగృహములనుగూర్చియు బెద్దలు ప్రసంగించిరి. నాకు నియమింపబడిన విషయము వేరు. వికలాంగులగు మనవారు గ్రామ కార్యాలయములకును, సభలకును సుఖముగా వచ్చి తమ పని నెరవేర్చుకొని పోవునట్లు ఉద్యోగులకును, స్వచ్ఛంద సేవకులకును శిక్షణ మొసగుటయే యా విషయము. ఇది స్వల్పముగా దోచవచ్చును. కాదని మనవి చేయుచున్నాను.

మహాభారతమున వనపర్వమందు అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరలతో బుట్టిన యా బాలుడు మేనమామయగు శ్వేతకేతువుతో గూడి జనకుని యజ్ఞమునకు బోవుచు దారిలో రాజునకే యెదురయ్యెను. త్రోవ యెవరు విడువవలెనను ప్రశ్న రాగా, అంధునకు, బధిరునకు, స్త్రీకి, బరువు మోయువానికి ముందుగా ద్రోవ యియ్యవలెనని ధర్మము చెప్పెను. రాజు త్రోవ విడిచెను. కాని యజ్ఞశాలకడ ద్వారపాలకుడు బాలురకు బ్రవేశము లేదని నిలిపివేసెను. వాడు దుష్టుడు కాడు. తనకు జెప్పబడిన యాజ్ఞను బాటించెను. అష్టావక్రుడు పండితుడు గనుక వాదించి, మెప్పించి, లోనికి బోగలిగెను. నేడు కార్యాలయముల గడపకడ నిలుచు వికలాంగులందఱు నట్లు వాదింపగలవారా?

మన కాలమున రాజు త్రోవ విడిచియే యున్నాడు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. 1995 నాటి చట్టము 7 విధములగు వైకల్యములను గుర్తింపగా నిది 21 విధములను గుర్తించినది. దీని 47వ సెక్షను పంచాయతీరాజ్ సభ్యులకు, శాసనసభ్యులకు, పరిపాలనాధికారులకు, పోలీసులకు, న్యాయాధిపతులకు, న్యాయవాదులకు నొసగు శిక్షణలన్నిటను వికలాంగుల హక్కులు బోధింపబడవలెనని విధించినది. రాజీవ్ రతూరి యను దృష్టిలోపముగల పౌరుడు తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2024 నవంబరు 8వ తేదీన దీర్పు చెప్పుచు, ప్రవేశసౌకర్య ప్రమాణములు కేవలము సూచనలుగా నుండరాదనియు, దప్పక పాటింపవలసిన నియమములుగా నుండవలెననియు నిర్ణయించినది.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు. అందు 1 కోటి 86 లక్షలమంది గ్రామవాసులే. వీరికి బ్రభుత్వమనగా ఢిల్లీ కాదు. గ్రామ కార్యాలయమందలి గుమాస్తాయే ప్రభుత్వము. ఒకనాడు త్రిప్పి పంపబడినవాడు ఆనాటి కూలి పోగొట్టుకొనును. రెండవమారు త్రిప్పి పంపబడినవాడు మరల రాడు. అంతటితో పింఛనును బోవును, ధ్రువపత్రమును బోవును. చట్టము గ్రంథమున బదిలముగనే యుండును.

సూత్రము కంఠస్థమైనంతమాత్రమున బ్రయోగము రాదు. అందుచే శిక్షణ మభ్యాసరూపమున నుండవలెను. అంధుని చేతికఱ్ఱను బట్టి లాగరాదు. తన పేరు చెప్పి, సాయము కావలెనా యని యడిగి, తన మోచేతిని బట్టుకొననిచ్చి, ఒక యడుగు ముందు నడువవలెను. వ్రేలిముద్ర గొనుటకు ముందు కాగితమును బూర్తిగా జదివి వినిపింపవలెను. బధిరుని యెదుట గేకలు వేయుట వ్యర్థము. మొగముపై వెలుగు పడునట్లు ఎదురుగా నిలిచి మెల్లగా మాటాడవలెను. చదువు వచ్చినవానికి వ్రాసి చూపవలెను. చక్రాల కుర్చీని, అందు గూర్చున్నవాని ననుమతి యడుగక త్రోయరాదు. బుద్ధివికాసము తక్కువగా గలవాడు వచ్చినచో, వెంట వచ్చినవానినే యడుగుట మాని, వానితోనే చిన్నచిన్న మాటలతో మాటాడి, బదులు చెప్పుటకు వ్యవధి యియ్యవలెను. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులును ఆ 21 విధములలోనివే. అవి కంటికి గానరావు. కావున “నీవు బాగుగనే యున్నావు గదా” యని యెవరిని నవమానింపరాదు.

ఎన్నికలనాడును ఈ విద్య యవసరమే. ఓటు యంత్రముపై బ్రెయిలీ అంకెలు గలవు. స్వయముగా నోటు వేయదలచిన యంధునకు దోడును బలవంతముగా నంటగట్టరాదు. తోడు కావలెనన్నచో 18 ఏండ్లు నిండినవానిని వెంట దెచ్చుకొను హక్కు కలదు. 2024 లోకసభ యెన్నికలలో నూటికి 40 వంతులకు దక్కువగాని వైకల్యము గలవారికి ఇంటినుండియే యోటు వేయు సౌకర్యము దేశమంతట గల్పింపబడినది. ఈ సంగతి చెప్పువారు లేనిచో సౌకర్యమున్నను లేనట్లే.

కట్టడముల మాట. వాలుబాటకు ఒక యడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవుండవలెను. మూడు మెట్లు కలిసి అడుగున్నర యెత్తైనచో 18 అడుగుల బాట కావలెను. అంతకు గుఱుచగా గట్టినది బాట కాదు, జారుడుబండ. సరిగా గట్టినను దానిపై మోటారు సైకిళ్లు నిలిపినచో, వికలాంగుల మరుగుదొడ్డికి దాళము వేసి చీపుళ్లు దాచినచో, వెచ్చించిన ధనము వ్యర్థమే.

ఈ విద్యకు మొదటి గురువులు వికలాంగులే. వారిని సభకు బిలిచి శాలువ కప్పి పంపుట చాలదు; శిక్షకుల పీఠమున గూర్చుండబెట్టి, వారి శ్రమకు దగిన పారితోషిక మొసగవలెను. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ బుద్ధివికాసలోపము గలవారి విషయమున శిక్షణ మొసగుచున్నది; దాని సాయమును గోరవచ్చును.

పై సెక్షను పట్టికలో గడపకడ నిలుచు స్వచ్ఛంద సేవకుని పేరు విడిగా లేదు. ఆ కొఱతను దీర్చుట మనవంటి సంఘముల పని. కావున మూడు ప్రార్థనలు. మన సంఘము తరఫున సేవ చేయు యువకులకు బ్రతివర్షము రెండు దినముల శిక్షణము జరుపవలెను. గ్రామ కార్యాలయ సిబ్బందిని గూడ దానికి సగౌరవముగా నాహ్వానింపవలెను. మన కల్యాణమండపములను, వసతిగృహములను వికలాంగులచేతనే పరీక్ష చేయించి లోపములను దిద్దవలెను. పోషకులు నూతన భవనములకు విరాళ మిచ్చునప్పుడు వాలుబాట లేని కట్టడమునకు దమ పేరు పెట్టనీయమని నియమము చేయవలెను. చలువరాతిపై జెక్కించిన దాత పేరును మెట్లెక్కలేనివా డెట్లు చదువును?

ఇది దయాధర్మము కాదు, బాకీ తీర్చుట. మనలో దీర్ఘాయువు గలవారందఱు నొకనాటికి జేతికఱ్ఱను, మందదృష్టిని, వినికిడిలోపమును బొందువారమే. నేడు మనము ద్వారపాలకునికి నేర్పు విద్య రేపు మన కొఱకే తలుపు తెఱచును.