పఠానుల నోట ఇంగ్లీషు మాట

సరిహద్దు గాంధి యని మనము గౌరవించిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ మాతృభాష పష్తో. ఆఫ్గనిస్థానమునందును, పాకిస్తానపు వాయవ్య ప్రాంతమునందును కోట్లకొలది జనులు మాటాడు భాష యిది. ఇరాను భాషల శాఖకు చెందినదగుటచే ఇంగ్లీషుతో దీనికి దూరపు చుట్టరికము కలదు. అయినను ఇంగ్లీషు నేర్చుకొను పఠానునకు ఆ చుట్టరికము అన్ని చోట్లను అక్కరకు రాదు. అతని నాలుక ఎచ్చట తడబడునో చూచినచో మన నాలుక సంగతియు కొంత తెలియగలదు.

మొదటి చిక్కు 'ఫ'. పై పండ్లను క్రింది పెదవికి ఆనించి ఊదవలసిన యీ ధ్వని పష్తోకు సొంతము కాదు; అరువు మాటలతో వచ్చినది. చదువరులు దానిని నిలుపుకొందురు. పలువురు 'ప' అందురు. కాఫీ కోరినవాడు 'కాపీ' యన్నచో దుకాణదారునకు నకలు కాగితము తోచును.

రెండవది 'వ'. ఇంగ్లీషున నిది రెండు ధ్వనులు: ఒకటి పెదవులు గుండ్రముగా చుట్టి పలుకునది, మరొకటి పంటితో పెదవిని తాకి పలుకునది. పష్తోలో రెంటికిని ఒకటే అక్షరము. మనమును అంతే. పడమటి దిక్కును, లోపల తొడుగు బనియనును మన లిపిలో 'వెస్ట్' అనియే వ్రాయుదుము.

మూడవది నాలుక కొనను పండ్ల నడుమ నుంచి గాలి వదలు ధ్వని. ఆలోచించుట యను అర్థము గల 'థింక్' పఠాను నోట 'తింక్' కావచ్చును, 'సింక్' కావచ్చును. సింక్ అనగా మునుగుట! మనము 'థ' వ్రాసి గట్టెక్కితిమని తలంతుము గాని, మన 'థ'యు ఆ ధ్వని కాదు.

ఇక అతనికి సులభమైనవి చూడుడు. పష్తోలో తెలుపు 'స్పిన్', కన్ను 'స్తర్గ'. మాట మొదటనే జంట హల్లులు పలుకుట అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. కనుక మన పల్లెలలో 'ఇస్కూలు' అనునట్లు ముందొక అచ్చును తగిలింపనక్కరలేదు. మాటలో నొక్కి పలుకు చోటు మారినచో అర్థము మారుటయు అతని భాషలో కలదు. ఇంగ్లీషునందలి ఆ నియమము అతనికి వింత గాదు.

2021లో కాబూలున ప్రభుత్వము మారిన పిమ్మట పష్తో మాటాడు కుటుంబములు అనేకము ఇంగ్లండు, అమెరికాలకు తరలినవి. అచ్చట వైద్యునకు నొప్పి చెప్పుకొనుట, కచ్చేరిలో పేరు వ్రాయించుకొనుట, అంతయు ఇంగ్లీషుననే. తప్పు పలికినపుడు ఎదుటివాడు నవ్వినచో నేర్చువాడు మరుదినము నోరు మెదపడు. నష్టమంతయు అచ్చటనే.

దీనికి మందు పరిహాసము కాదు, అభ్యాసము. అద్దము నెదుట నిలిచి పెదవిపై పండ్లు ఆనించుట చూచుకొనవలెను. 'కాఫీ, కాపీ' వంటి జంటలను మాటిమాటికి వినవలెను, పలుకవలెను. అర్థము చెడగొట్టు తప్పులను ముందు దిద్దవలెను. తక్కిన యాస ఉండనిండు.

కందహారు వాసి తన భాషను 'పష్తో' యనును. పెషావరు వాసి 'పఖ్తో' యనును. ఇద్దరును ఒకరి మాట నొకరు గ్రహింతురు. పలుకు వేరైనను మాట చేరుటయే ముఖ్యమని వారి భాష పేరే చెప్పుచున్నది. ఇంగ్లీషు నేర్పువారికిని, నేర్చు మనకును ఇంతకు మించిన పాఠము లేదు.