మన అల్మారాలోకి వచ్చిన కొత్త పుస్తకాలు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గ్రంథాలయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఏటా ఆగస్టు 9న మన సంఘం గ్రంథాలయానికి వచ్చిన కొత్త పుస్తకాలను మీకు పరిచయం చేయడం మాకు అలవాటు. ఈసారి ఆ పని మొదలుపెట్టేముందు ఒక మాట దాచకుండా చెప్పాలి. పోయిన నెల కమిటీలో కూర్చుని ఇష్యూ రిజిస్టర్ తిరగేశాం. పేజీల నిండా గ్రూప్స్ గైడ్లు, కానిస్టేబుల్ ప్రశ్నల పుస్తకాలు, డీఎస్సీ మెటీరియల్. మన రచయితల పుస్తకాల కింద పడిన సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు మాలోనే కొందరు అడిగారు: కథల పుస్తకాలకు డబ్బు ఎందుకు, ఆ అల్మారా కూడా గైడ్లకే ఇచ్చేస్తే పిల్లలకు ఉద్యోగాలైనా వస్తాయి కదా అని.

ఆ ప్రశ్న తప్పు కాదు. ఇంట్లో ఒక్క ఉద్యోగం వస్తే ఆ ఇంటి బతుకు ఎలా మారుతుందో మనకు తెలుసు. ఈ ఏడాదికి అల్మారా అలాగే ఉంచుదామని, వచ్చే ఏడాది రిజిస్టర్ చూసి తేల్చుదామని అనుకున్నాం. అంటే ఆ అల్మారా ఉండాలా పోవాలా అన్నది ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

ఒకప్పుడు మన గురించి పుస్తకం అంటే బయటివాళ్లు రాసిందే. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆయన మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉండి, మనవాళ్ల భూముల కోసం నిజాం సర్కారుతో మాట్లాడినవాడు. ఆ దంపతులను మార్లవాయి ఇప్పటికీ తలుచుకుంటుంది. మనమూ తలుచుకుందాం. అయినా ఆ పుస్తకాల్లో చూసేది ఆయన, కనబడేది మనం.

తర్వాత నవలలు వచ్చాయి. గోపీనాథ్ మహంతి కోందుల మీద ఒరియాలో రాసిన 'అమృత సంతానం'కు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. బిర్సా ముండా పోరాటం మీద మహాశ్వేతా దేవి రాసిన నవల తెలుగులో 'ఎవరిదీ అడవి' అయింది. సాహు, అల్లం రాజయ్య కలిసి 'కొమురం భీము' రాశారు. ఇవన్నీ మన పక్షాన నిలబడి రాసినవే. మన దగ్గర ఉన్నాయి, చదవాల్సినవే. కానీ వాటిలోనూ కలం పట్టిన చెయ్యి మనది కాదు.

ఇప్పుడు మనవాళ్లే రాస్తున్నారు. ఈ ఏడాది చేరిన పుస్తకాల్లో మొదట చెప్పాల్సింది రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. నిజామాబాద్ జిల్లా తండా కుర్రవాడు తండా బతుకు రాస్తే దేశం చదివింది. ఆయన, ఆచార్య సూర్యాధనంజయ్ కలిసి కూర్చిన గోర్ బంజారా కథల సంకలనం 'కేసులా' కూడా వచ్చింది. కేసులా అంటే మోదుగుపూలు. ఉత్తరాంధ్ర కొండల నుంచి మల్లిపురం జగదీశ్ కథలు 'శిలకోల' మరీ కొత్తవి కాకపోయినా మనకు చేరింది ఇప్పుడే.

కథలు కాని పుస్తకాల్లో చరిత్రకారుడు భంగ్యా భుక్యావి రెండు. ఒకటి నిజాం కాలపు లంబాడాల చరిత్ర. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసినవాళ్లు, రోడ్లూ రైళ్లూ వచ్చాక బేరం పోయి ఎలా నేలపాలయ్యారో అందులో ఉంది. రెండోది దక్కన్ గోండుల చరిత్ర, 2017లో వచ్చింది. అభయ్ ఖాఖా, గణేష్ దేవి సంపాదకత్వంలో 2021లో వచ్చిన 'బీయింగ్ ఆదివాసీ' వ్యాసాలు, సంతాలీ డాక్టరు హంస్దా సోవేంద్ర శేఖర్ కథలు 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' కూడా తెప్పించాం. ఆ కథలను 2017లో జార్ఖండ్ ప్రభుత్వం నిషేధించి, కొన్ని నెలలకే నిషేధం ఎత్తేసింది. ఈ నాలుగూ ఇంగ్లీషులో ఉన్నాయి. కాలేజీ పిల్లలు చదివి మనకు తెలుగులోనో, గోండిలోనో, గోర్‌బోలిలోనో చెప్పాలి. అది వాళ్ల వంతు.

వీటివల్ల ఏం జరుగుతుందో మేం కళ్లారా చూశాం. ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద 'ఢావ్లో' చదవడానికి కూర్చున్నాం. పేరు చదివామో లేదో, మనవరాలి కోసం వచ్చి ఒక పక్కన కూర్చున్న యాడి ఒకామె, ఢావ్లో అంటే ఏంటో మీకు తెలుసా అంది. పెళ్లయి వెళ్లిపోయే పిల్ల తనవాళ్లను కావలించుకుని పాడే ఏడుపు అంది. తల్లిని పట్టుకుని ఎలా ఏడవాలో, అన్నను పట్టుకుని ఎలా ఏడవాలో పాడి చూపించింది. ఆ రోజు పుస్తకం ముందుకు సాగలేదు. డిగ్రీ చదివే ఆ మనవరాలు ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ఏడ్చేసింది. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లు ఉండి ఆ పాట పూర్తిగా వినడం ఆమెకు అదే మొదటిసారి. యాడి పాడింది ఏ గైడులోనూ దొరకదు. పుస్తకం పేరు చెవిన పడకపోతే ఆమె నోట కూడా వచ్చేది కాదు.

పరీక్షలకు చదివేవాళ్లకు ఒక మాట. కుమ్రం భీం ఎక్కడ, ఎప్పుడు అమరుడయ్యాడు అంటే జోడేఘాట్, 1940 అని మీరు టకీమని చెబుతారు. ఎందుకు అన్నది గైడులో ఒక్క లైను. అది తెలియాలంటే ఈ అల్మారా తెరవాలి. రెండూ చదవండి.

ఇక మా విన్నపాలు. కార్డు మీద గైడు తీసుకున్నప్పుడల్లా ఈ అల్మారా నుంచి కూడా ఒక పుస్తకం తీసుకోండి. గూడెం పిల్లలు తండా కథలు, తండా పిల్లలు గోండుల చరిత్ర తీసుకోండి. బయట మన మధ్య ఎన్ని పంచాయితీలు ఉన్నా, ఒకరి కష్టం ఒకరు చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి, చదువు రాని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఇది ఇలా కాదు అని వాళ్లు అంటే ఆ మాట చీటీ మీద రాసి మాకు ఇవ్వండి. ఆ చీటీలు దాచి పెడతాం. రేపు మీలో ఎవరు రాసినా అవి పనికొస్తాయి.

మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. కాబట్టి జిల్లా గ్రంథాలయంలో మన రచయితల పుస్తకాలు కావాలని అడగడం మన హక్కు. ఇవాళ బయట బల్ల మీద ఆ అర్జీ ఉంది. సంతకం పెట్టి వెళ్లండి.

చివరగా, ఇంటికెళ్లి అటకలు, పాత పెట్టెలు వెతకండి. నార్నూరు దగ్గర గుంజాల ఊళ్లో మనవాళ్ల ఇళ్లలో దాచిన పాత కాగితాల నుంచే గోండి లిపి బయటపడింది. 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆ కాగితాలు చెదలుపట్టి ఉంటే ఆ లిపి ఇవాళ మనకు ఉండేది కాదు.

వచ్చే ఆగస్టు 9న ఇదే రిజిస్టర్ పట్టుకుని మీ ముందుకు వస్తాం. అందులో మీ సంతకాలు చూపించి, అల్మారా సరిపోవడం లేదు, ఇంకొకటి కొందాం అని చెప్పే రోజు రావాలని కోరుకుంటున్నాం.