పొగగొట్టంలో అమ్మోనియాకూ లెక్క ఉండాలి

థర్మల్ విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లకు కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో పరిమితులు పెట్టింది. వాటిని తగ్గించే మార్గాల్లో ఒకటి, వేడి పొగలోకి అమ్మోనియానో యూరియా ద్రావణాన్నో చిమ్మడం. అప్పుడు ఆ ఆక్సైడ్లు హానిలేని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారతాయి. అయితే మోతాదు మించినా, వేడి చాలకపోయినా మిగిలిన అమ్మోనియా పొగతోపాటే బయటపడుతుంది. గాలిలోని ఆమ్లాలతో కలిసి సన్నని ధూళికణాలవుతుంది. ఒక కాలుష్యాన్ని ఆపబోయి మరొకదాన్ని వదలకూడదు. అందుకే ఈ పద్ధతి వాడే ప్రతిచోటా అమ్మోనియాను నిరంతరం కొలవాలి. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఉన్న రాజమహేంద్రవరానికి సన్నని ధూళి చిన్న విషయం కాదు.

గోదావరి డెల్టాలో వరిచేలకు వేసే యూరియా నుంచీ అమ్మోనియా వస్తుంది, గొట్టాల మీదే పట్టింపెందుకని అడగవచ్చు. నిజమే, వస్తుంది. కానీ చేలు విశాలం, గొట్టం ఒకే చోటు. అక్కడ కొలవడం, మోతాదు సరిదిద్దడం సులువు. ఈ వాయువు నమూనా తీసే గొట్టాల గోడలకు అంటుకుని లెక్క తప్పిస్తుందనేది మరో అభ్యంతరం. పొగ దారికి అడ్డంగా లేజర్ కిరణం పంపి అక్కడికక్కడే కొలిస్తే ఆ చిక్కు తగ్గుతుంది. ఇక ఖర్చు సంగతి. మిగిలిన అమ్మోనియా గంధకపు ఆక్సైడ్లతో కలిసి జిగట లవణమై, బాయిలర్‌కు వెళ్లే గాలిని వేడిచేసే యంత్రాన్ని పూడ్చేస్తుంది. కాబట్టి కొలత యాజమాన్యానికీ లాభమే. 2009 జాతీయ ప్రమాణాలు బయటి గాలిలో అమ్మోనియాకు 24 గంటల సగటుగా ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాముల హద్దు పెట్టాయి. ఆ హద్దు దాకా రానివ్వకుండా, పుట్టిన చోటే కొలిచి, ఆ అంకెలను ప్రజల ముందుంచాలి.