మేనరికం – బిడ్డ ఆరోగ్యం



"మేనబావ ఉండగా బయటి సంబంధం ఎందుకు?" అంటారు పెద్దలు. పిల్ల కళ్ల ముందే ఉంటుంది. పొలం చీలిపోదు. నిజమే. కానీ పుట్టబోయే బిడ్డ సంగతి?

మన ఒంట్లో జన్యువులు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. అందుకే చాలా జబ్బులు బయటపడవు.

తాతకున్న లోపం కొడుక్కీ, కూతురికీ రావచ్చు. వాళ్ల పిల్లలకే పెళ్లి చేస్తే? ఇద్దరిలోనూ అదే లోపం ఉండవచ్చు. అలా ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే వీలుంది. పుట్టుచెవుడు, తలసేమియా ఇలా రావచ్చు. తలసేమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు 2 నుంచి 4 వారాలకోసారి రక్తం ఎక్కించాలి.

మేనరికాల్లో ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. కానీ లోపాల భయం బయటి సంబంధాలకంటే ఎక్కువ. మేనమామను చేసుకుంటే ఇంకా ఎక్కువ.

బిడ్డకు లోపం ఉంటే కోడలిని ఆడిపోసుకుంటారు. అది అన్యాయం. ఈ జబ్బుల్లో లోపం ఇద్దరి నుంచీ వస్తుంది.

ఇప్పటికే మేనరికం చేసుకున్నారా? భయపడకండి. నెల తప్పగానే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. తలసేమియాకు భార్యాభర్తలు రక్తపరీక్ష చేయించుకోవచ్చు. బిడ్డ పుట్టాక వినికిడి పరీక్ష చేయించండి.

పెళ్లి మాటల్లో పొలం సంగతి వస్తుంది. బిడ్డ సంగతి మీరు ఎత్తండి.